ఇరవై వేల లోపు, అన్నీ ఉండాలి

మా అత్తవారి వైపు ఎవరు ఫోను కొనాలన్నా ముందు నాకు ఫోను చేస్తారు. ఇందుకు నాకున్న అర్హతల్లా కంప్యూటరు ముందు కూర్చుని ఉద్యోగం చెయ్యడమే. ఆ కంప్యూటర్లో నేను చూసేది ఇన్సూరెన్సు పాలసీల వాయిదాలని వాళ్లకీ తెలుసు. అయినా రోజూ దాని మొహం చూసేవాడికి దాని లోపలి సంగతులు తెలియకుండా ఎలా ఉంటాయని వాళ్ల ధీమా.

అడిగే తీరు అందరిదీ ఒకటే. "పెద్దవేం వద్దండీ, ఏదో మామూలుగా వాడుకోడానికి." ఆ మాటకి మురిసిపోకూడదు. వెనకాలే జాబితా వస్తుంది. కెమెరా బాగుండాలి. బ్యాటరీ రెండ్రోజులు రావాలి. వేడెక్కకూడదు, హ్యాంగవకూడదు, పిల్లలు సెలవులకొస్తే గేములాడుకోవాలి, వాళ్ల చేతుల్లోంచి పడితే పగలకూడదు. చూడ్డానికి మాత్రం కాస్త ఖరీదుగా కనబడాలి. ఎంతలో? ఇరవై వేల లోపు.

ఈ ఇరవై వేలకి అటూ ఇటూ, అంటే పదిహేను నుంచి ముప్ఫై దాకా, కంపెనీలన్నీ ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ ఉంటాయి. ఎనిమిది వేల ఫోను తనవల్ల కాని పనులేవో మొహమాటం లేకుండా ఒప్పేసుకుంటుంది. లక్ష రూపాయల ఫోనుకి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన పన్లేదు. మధ్యలోది మాత్రం అచ్చం మన మధ్యతరగతి మనిషే. లేనిది ఉన్నట్టు కనబడటానికే దాని ప్రాణం సగం పోతుంది. వీపు మీద మూడు కెమెరాలుంటే ఒకటే సంపాదనపరుడు, తక్కిన ఇద్దరూ కూర్చుని తినేవాళ్లు. వాటిలో ఒకటి 2 మెగాపిక్సెళ్ల మ్యాక్రో. పువ్వు మీద చీమని దగ్గర్నుంచి తీయడానికట. నాకు తెలిసినవాళ్లలో చీమని ఫోటో తీసినవాళ్లు లేరు. చీమ మీద ఫోను పడేసుకున్నవాళ్లున్నారు.

ఈసారి కొనాల్సింది మామయ్యగారికి. కొవ్వూరు పక్క పల్లె. జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన మొదటి ఫోను నోకియా 1100. 2003లో వచ్చిన ఆ మోడలు ప్రపంచం మొత్తమ్మీద పాతిక కోట్లకి పైగా అమ్ముడుపోయింది. ఈయన దాన్ని కొన్నది టార్చి కోసం. రాత్రిళ్లు మోటారు షెడ్డుకి వెళ్లేటప్పుడు దారిలో పాముల్ని చూసుకోడానికి దానంత వస్తువు లేదనేవారు. మధ్యమధ్యలో ఎవరైనా ఫోను చేస్తే మాట్లాడేవారు. తర్వాత చేతికొచ్చినవన్నీ పిల్లలు వాడి వదిలేసినవే. వాటిలో ఆఖరిదానికి బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోతే, రబ్బరు బ్యాండు వేసి నడిపిస్తున్నారు.

ఈ దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జులై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లింది. ఇటు అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు, అటు కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్. ఫోను ఎత్తినవాడు కూడా డబ్బులు కట్టాల్సిన రోజులవి. అప్పుడు వాళ్లిద్దరిలో ఎవరూ ఎదుటివాళ్ల రిఫ్రెష్ రేటు ఎంతని అడిగి ఉండరు. ఇప్పుడు మా తోడల్లుడు ఫోను ఎత్తగానే అడిగేది అదే. "నూట ఇరవై హెర్ట్జ్ లేకపోతే వద్దండోయ్" అని హైదరాబాదు నుంచి హెచ్చరిక. మామయ్యగారు ఫోన్లో చూసేది పంచాంగం. అది రోజుకొక్కసారి మారుతుంది.

సరే, బాధ్యత నెత్తిన పడ్డాక తప్పదు కదా, ఎక్సెల్‌లో పట్టిక వేశాను. అడ్డంగా ఫోన్లు, నిలువుగా గుణగణాలు. పేర్ల దగ్గరే సగం రాత్రి గడిచింది. ఒకే మోడలుకి ప్రో, ప్లస్, లైట్, నియో, టర్బో అని ఇంటినిండా దాయాదులు. ఒకదానికొకటి తేడా వెయ్యి రూపాయలు. ఆ వెయ్యి ఎందుకో కనిపెట్టాలంటే రెండు పట్టికలు పక్కపక్కన పెట్టి, భూతద్దం పెట్టుకోవాలి.

భూతద్దంలో చూస్తే కొన్ని సంగతులు మాత్రం నిజంగానే బయటపడతాయి. "8+8 జీబీ ర్యామ్" అని పెద్దక్షరాలతో వేస్తారు. మొదటి ఎనిమిదే ర్యామ్. రెండో ఎనిమిది స్టోరేజిలోంచి చేబదులు తెచ్చి చూపించేది. స్టోరేజికి ర్యామ్ వేగం రాదు కనక ఆ చేబదులుతో వచ్చే ఉపయోగం అంతంతమాత్రం. "108 మెగాపిక్సెల్" కెమెరా మామూలుగా తీసే బొమ్మ 12 మెగాపిక్సెళ్లదే. తొమ్మిది చిన్న చుక్కల్ని కలిపి ఒక చుక్క చేస్తుంది. 50 మెగాపిక్సెళ్లదైతే నాలుగేసి కలిపి పన్నెండున్నర. ఇది మోసం కాదు, వెలుతురు తక్కువున్నచోట బొమ్మ బాగా రావడానికి చేసే ఏర్పాటే. కానీ అట్టపెట్టె మీద పన్నెండని రాస్తే ఎవడు కొంటాడు? స్టోరేజి 128 జీబీ అని రెండు ఫోన్లమీదా ఉన్నా, ఒకదాన్లో ఈఎంఎంసీ, ఇంకోదాన్లో యూఎఫ్ఎస్ ఉండొచ్చు. మొదటిది ఒకసారికి చదవడమో రాయడమో ఒక్కటే చెయ్యగలదు, రెండోది రెండూ కలిపి చేస్తుంది. రెండేళ్లయ్యాక ఫోను ఎందుకు నత్తలా నడుస్తోందనే ప్రశ్నకి సగం జవాబు ఈ ఒక్క గడిలోనే ఉంటుంది. మా బంధువుల్లో ఒక్కరూ ఈ గడి గురించి అడగలేదు. రంగు గురించి అందరూ అడిగారు.

వీడియో రివ్యూలు కూడా చూశాను. తెలుగులో చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. చాలావరకు కష్టపడి చెబుతారు, కాదనను. పెట్టె కోస్తారు, లోపల ఛార్జర్ ఉందో లేదో చూసి నిట్టూరుస్తారు, వీధి చివరికెళ్లి ఒక మందారపువ్వుని ఫోటో తీస్తారు. ఇరవై నిమిషాలయ్యాక తీర్పు: "నచ్చితే తీసుకోవచ్చు ఫ్రెండ్స్, లేదంటే వేరే ఆప్షన్ చూసుకోవచ్చు." ఇంత నిక్కచ్చిగా చెప్పే న్యాయమూర్తి దొరికితే కోర్టుల్లో ఒక్క కేసూ తేలదు.

ఇంతలో డాలస్ నుంచి బావమరిది అడ్డుపడ్డాడు. "బావా, నాన్నకి కొత్తది ఎందుకు? నా పాత ఐఫోను ఖాళీగా ఉంది, ఎవరైనా వస్తుంటే పంపిస్తా." ఇల్లంతా సంబరం. ఆ సంబరం మీద నీళ్లు చల్లింది మామయ్యగారే. వీడియో కాల్లో ఆ ఫోన్ని అన్ని వైపులా తిప్పించి చూసి, "సిమ్ము ఎక్కడ పెట్టాల్రా?" అన్నారు. నిజంగానే చోటు లేదు. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మేవాటికి సిమ్ము పెట్టే అర తీసేశారు. అంతా ఈ-సిమ్ మీదే నడవాలి. "ఈ-సిమ్ చేయించుకోవచ్చు నాన్నా" అని వాడు చెబుతూనే ఉన్నాడు. "పెట్టుకోడానికి చోటే లేనిదాంట్లో ఏం పెట్టుకుంటాంరా" అని ఈయన చర్చ ముగించారు.

చివరికి మామయ్యగారు, అత్తయ్యగారు గోదావరి దాటి రాజమండ్రి వచ్చారు. నా పట్టికని మూడు ఫోన్లకి కుదించి, ప్రింటు తీసి జేబులో పెట్టుకున్నాను. దేవీచౌక్ దగ్గర కొట్టు. లోపల ఎన్ని లైట్లంటే, అందులో పెడితే రాయి కూడా మెరుస్తుంది. కుర్రాడు మర్యాదస్తుడు. "రండి సార్, కూచోండి ఆంటీ, బడ్జెట్ ఎంత సార్?" నేను ప్రింటు తీసి గంభీరంగా మూడు పేర్లు చదివాను. వాడు ఆ మూడూ తెచ్చి బల్లమీద పెట్టి, ప్రాసెసర్ల గురించి అందుకున్నాడు. నేను తల ఊపుతున్నాను. మామయ్యగారు ఫోన్లవైపు కాకుండా పైన లైట్లవైపు చూస్తున్నారు.

"బాబూ, ఇది ఓసారి బయటికి పట్టుకెళ్లి చూడొచ్చా?"

కుర్రాడి మొహంలో రంగు మారింది. ఫోను వెనక దొంగతనం జరక్కుండా కట్టిన తీగ ఉంది. ఆ తీగ పొడుగే దాని ప్రపంచం. మేనేజరుతో గుసగుసలాడి, తీగ విప్పి, తను కూడా వెంట నడిచాడు. మిట్టమధ్యాహ్నం ఎండ. ఫుట్‌పాత్ మీద మామయ్యగారు మూడింటినీ ఒక్కొక్కటిగా అరచేతిలో పెట్టుకుని, డ్రాయింగు షీటు చూసినట్టు కాస్త దూరంగా పట్టి చూశారు. మొదటిది ఎల్‌సీడీ తెర. అందులో కనిపించింది ఆయన మొహమే. "దీన్ని గడ్డం గీసుకోడానికి వాడుకోవచ్చు" అని పక్కన పెట్టేశారు. మిగతా రెండూ అమోలెడ్. ఒకదాన్లో అక్షరాలు చక్కగా చదవొస్తున్నాయి, రెండోదాన్లో తంటాలు పడితే చదవొస్తున్నాయి. విచిత్రమేమిటంటే నా పట్టిక ప్రకారం ఎక్కువ నిట్లున్నది రెండోది. తర్వాత తీరిగ్గా చూస్తే తెలిసింది. కంపెనీలు ఊదరగొట్టే ఆ వేల నిట్ల వెలుగు తెరలో ఓ చిన్న ముక్క మీద, ప్రత్యేకమైన వీడియో ఆడుతున్నప్పుడు, కాసేపు వచ్చేది. ఎండలో తెర మొత్తం ఎంత వెలుగిస్తుందో వేరే గడిలో రాస్తారు, రాస్తే. అది అందులో చాలా తక్కువ.

లోపలికొచ్చాక కెమెరా పరీక్ష. ఆయన పువ్వుల జోలికి వెళ్లలేదు. "ఏమోయ్, ఇలా వచ్చి నించో" అని అత్తయ్యగారిని గుమ్మం దగ్గర, సగం వెలుగు సగం నీడ పడేచోట నిలబెట్టారు. ఆవిడ మొహానికి పసుపు, నుదుట రూపాయి బిళ్లంత బొట్టు, తలలో మల్లెపూలు. ముప్ఫై ఏళ్లు పిల్లల చేత ఆపిల్ పండుకి నీడ వేయించిన మనిషి కదా, దేనికి ఏం కావాలో ఆయనకి తెలుసు. మిగిలిన రెండింట్లో మొదటి ఫోను అత్తయ్యగారికి పసుపంతా కడిగేసి సున్నం కొట్టింది. ముడతలన్నీ ఇస్త్రీ చేసి, ఆవిణ్ని ఆవిడ చిన్న చెల్లెల్ని చేసింది. "బావుందండోయ్" అన్నారు ఆవిడ. "నువ్వు కాదుగా" అన్నారు ఈయన. కుర్రాడు బ్యూటీ మోడ్ ఆపి మళ్లీ తీశాడు. ఈసారి మనిషి వచ్చింది కానీ పోర్ట్రెయిట్‌లో మల్లెపూలు పోయాయి. వెనక గోడని మసక చెయ్యమంటే, జుట్టెక్కడ ఆగిందో గోడెక్కడ మొదలైందో తేల్చుకోలేక పూలన్నిటినీ గోడలో కలిపేసింది. రెండో ఫోను పూలు ఉంచింది, బొట్టు ఎరుపుని కాస్త ఎక్కువ చేసింది. "ఎరుపు ఎక్కువైతే దిద్దుకోవచ్చు. గీత పోతే ఏం చేస్తాం?" అన్నారు మామయ్యగారు. నేను చదివిన రివ్యూలన్నిట్లోనూ కెమెరా గురించి ఇంత పనికొచ్చే వాక్యం లేదు.

అసలు కథ వేలిముద్ర దగ్గర జరిగింది. ఇంట్లో ఫోను ఇద్దరూ వాడతారు కనక ఇద్దరి వేళ్లూ పట్టాలి. ఎండలో గెలిచిన ఫోనుకి వేలిముద్ర తెర కిందే ఉంది. మామయ్యగారిది రెండుమూడుసార్లు మొరాయించి ఒప్పుకుంది. అత్తయ్యగారు బొటనవేలు పెట్టారు. ఫోను బుర్రన వణికింది. మళ్లీ పెట్టారు, మళ్లీ వణుకు. "తుడుచుకుని పెట్టండి ఆంటీ" అన్నాడు కుర్రాడు. చీరకొంగుకి తుడిచి పెట్టారు. "కొంచెం గట్టిగా." గట్టిగా నొక్కారు. "మరీ గట్టిగా కాదాంటీ." ఆవిడ వేలు తీసి, మాకందరికీ చూపించారు. అంట్లు తోమి, చింతపండు పిసికి, పెసరట్టు పిండి రుబ్బి ఆ వేలి మీద గీతలు నున్నగా అరిగిపోయాయి. బొటనవేలి మధ్యలో కత్తిపీట కోసిన పాత గాటు ఒక్కటే స్పష్టంగా ఉంది.

"నాకు రేషన్ షాపులోనూ ఇంతే బాబూ. మిషను ఎప్పుడూ పడదు. డీలరుగారు పక్కవేలు పెట్టమంటారు" అని ఓదార్చారు ఆవిడ, కుర్రాణ్ని.

తెర కింద పెట్టే వేలిముద్ర ఈ ధరలో ఎక్కువగా కాంతితో పనిచేసే రకం. వేలి మీద వెలుగు కొట్టి, గీతల్ని ఫోటో తీస్తుంది. పొడిబారిన, అరిగిన వేళ్ల దగ్గర తికమకపడుతుంది. పక్కన పవర్ బటన్లో పెట్టే రకం వేరు. చర్మం గీతకీ గాడికీ మధ్య విద్యుత్తులో తేడాని పసిగడుతుంది. రెండో ఫోనుకి అది పక్కన బటన్లోనే ఉంది. అత్తయ్యగారు చూపుడువేలు పెట్టారు. మొదటిసారే తీసుకుంది. ఆవిడ మొహంలో వచ్చిన వెలుగు ఏ నిట్లలోనూ కొలవలేం. నా పట్టికలో వేలిముద్ర అనే గడి ఉంది, అందులో మూడు ఫోన్లకీ "ఉంది" అనే రాసి ఉంది.

ఇక ఫోను కొట్లో పరీక్షించడానికి వీల్లేనిది ఒకే ఒక్కటి: ఫోను. డెమో పీసుల్లో సిమ్ములుండవు. గేము ఆడి చూపిస్తారు, పాట పెట్టి చూపిస్తారు, అవతలివాళ్ల మాట ఎలా వినబడుతుందంటే మాత్రం "కొన్నాక చూడాలి సార్" అంటారు. మామయ్యగారిది మట్టిగోడల పెంకుటిల్లు. గోడలు మూరెడు మందం. సిగ్నలు కావాలంటే పెరట్లో కొబ్బరిచెట్టు దగ్గరికి వెళ్లాలి. వానాకాలంలో ఆ ఇంటికి ఫోను చేస్తే మాటకన్నా ముందు వాన వినబడుతుంది. 5జీ దేశంలో 2022 అక్టోబరు 1న మొదలైంది గానీ, మందపాటి గోడలు దూరాలంటే 700 మెగాహెర్ట్జ్‌లాంటి తక్కువ పౌనఃపున్యం తరంగాలే నయం. ఫోను కొనేముందు అది ఏయే బ్యాండ్లు పట్టుకుంటుందో, వైఫై కాలింగ్ ఉందో లేదో చూసుకోవాలి. నేను చూశాను. నా పట్టికకి దక్కిన ఏకైక గౌరవం ఇదే కనక ఇక్కడ గట్టిగా చెప్పుకుంటున్నాను.

ఐపీ 68 గురించి కుర్రాడు చెప్పబోయాడు. "నీళ్లలో పడినా ఏం కాద్సార్." మామయ్యగారు, "అయితే నీళ్లలో పడి పాడైతే వారంటీ ఇస్తారా?" అని అడిగారు. వాడు మేనేజరువైపు చూశాడు. మేనేజరు సీలింగువైపు చూశాడు. ఐపీ పరీక్షలు ప్రయోగశాలలో మంచినీళ్లలో చేసేవి. నీళ్లవల్ల జరిగిన నష్టం మాత్రం వారంటీ కాగితాల్లో దాదాపు అందరూ మినహాయించేదే. "సర్వీసు సెంటరు ఎక్కడుంది?" రెండో ప్రశ్న. పోటీలో మిగిలిన రెండు ఫోన్లలో ఒకదానిది విజయవాడ. రెండోదానిది ఈ వీధి చివరే. ప్రాసెసరు, ర్యామ్, వాటి మార్కులు, అన్నీ ఆ క్షణంలో మూటకట్టుకుని విజయవాడ వెళ్లిపోయాయి.

బిల్లు దగ్గర ఇంకో ఎత్తు. "నో కాస్ట్ ఈఎంఐ పెట్టమంటారా సార్?" ఇది నా శాఖ కనక ముందుకొచ్చాను. వడ్డీ లేకుండా అప్పిచ్చే బ్యాంకు ఇంకా పుట్టలేదు. వడ్డీ ఎంతవుతుందో అంత ముందే డిస్కౌంటుగా తగ్గించి, తర్వాత నెలనెలా ఆ వడ్డీని వసూలు చేస్తారు. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ఆపైన ప్రాసెసింగ్ ఫీజు మన ఖాతాలోనే. సున్నా వడ్డీ అనే మాటకి అర్థం లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకి చెప్పింది. మామయ్యగారు ఇదంతా ఓపిగ్గా విని, లాల్చీ జేబులోంచి రబ్బరు బ్యాండు వేసిన నోట్లకట్ట తీశారు. పాత ఫోనుకి వేసిన బ్యాండేనని నా అనుమానం.

ధర 19,999. అందులో జీఎస్టీ మూడు వేల యాభై చిల్లర. ఫోన్ల మీద పన్ను 2020 ఏప్రిల్ దాకా 12 శాతమే. సీలు విప్పగానే *#06# కొట్టించి, తెర మీద వచ్చిన పదిహేనంకెల ఐఎంఈఐ, పెట్టె మీదదీ బిల్లు మీదదీ ఒకటేనా అని సరిచూశాను. కేవైఎం అని కొట్టి ఆ అంకె పక్కన చేర్చి 14422కి మెసేజి పెడితే అది అసలుదో కాదో ప్రభుత్వమే చెబుతుంది. కొత్త సీలు పెట్టెకి ఇంత అవసరమా అనకండి, ఖర్చు లేని పనే. సెకండ్ హ్యాండుదైతే ఇది చెయ్యకుండా డబ్బు తియ్యనే కూడదు.

పెట్టెలోనే కవరుంది, అది చూసి కుర్రాడు కొంచెం నిరాశపడ్డాడు. చివరి అస్త్రం తీశాడు.

"టెంపర్డ్ గ్లాస్ వేసేద్దాం సార్. మూడొందల తొంభైతొమ్మిది. నైన్ హెచ్! వజ్రం తర్వాత ఇదే గట్టిది."

మామయ్యగారు కళ్లజోడు సర్దుకున్నారు. "తొమ్మిది హెచ్చా? పెన్సిలా?"

"కాద్సార్, గ్లాసు."

"గ్లాసేనయ్యా. తొమ్మిది హెచ్ అనేది పెన్సిలు ముల్లు గట్టిదనానికి పెట్టిన అంకె. హెచ్‌బీ, టూ హెచ్, అలా పోయి పోయి నైన్ హెచ్. అంత గట్టి పెన్సిలుతో గీసినా గీత పడదని దానర్థం. వజ్రం ఊసే లేదు. నేను జేబులో పెన్సిళ్లేసుకుని తిరగడం మానేసి పదేళ్లైంది. గోదావరి ఇసక మాత్రం రోజూ వస్తుంది. ఇసకలో పలుగురాయి ఉంటుంది, అది గాజుని గీసేస్తుంది. ఇసకకి ఆగుతుందా ఇది?"

కుర్రాడు కాసేపు ఆలోచించి, "రెండొందలివ్వండి సార్" అన్నాడు.

"వంద."

"నూటయాభై, మీరు మాస్టారని."

గ్లాసు అంటించాడు. గుడ్డతో తుడిచి, బుడగలు నొక్కి, రెండు చేతులా అందించాడు. మామయ్యగారు ఒక కన్ను మూసి, ఫోన్ని ముక్కుకి ఎదురుగా పెట్టి, పై అంచునుంచి కింది అంచుదాకా చూశారు.

"కుడివైపుకి అర నూలు జరిగింది బాబూ. తీసి మళ్లీ వెయ్యి."